బ్యాలెట్ పెట్టెకు అవతలి కార్మికుడు

2023 డిసెంబరు 27న సింగరేణి బొగ్గు గనుల 11 ఏరియాల్లో, యాజమాన్యంతో మాట్లాడే గుర్తింపు సంఘం కోసం ఎన్నికలు జరిగాయి. ఓటర్లు 39,773 మంది. 94 శాతం మంది వచ్చి ఓటేశారు. ఏఐటీయూసీ సంఘానికి 16,177 ఓట్లు, ఐఎన్‌టీయూసీ సంఘానికి 14,178 ఓట్లు పడ్డాయి. తేడా 1,999. అసెంబ్లీ ఎన్నికల్లోనూ అరుదుగా కనిపించే ఆ పోలింగు చూశాక, కార్మిక సంఘాలకు కాలం చెల్లిందనేవాళ్లు కాస్త ఆగాలి. అవే గనుల్లో, అవే షిఫ్టుల్లో పాతిక వేల మంది దాకా కాంట్రాక్టు కార్మికులు కూడా పని చేస్తున్నారు. వాళ్లకు ఓటు లేదు.

సంఘాల వల్ల మేలా, కీడా అన్న వాదన మన దగ్గర జెండా రంగును బట్టి సాగుతుంది. ఓటరు జాబితాను బట్టి సాగాలని మేమంటాం. తమ తరఫున మాట్లాడేదెవరో కార్మికులే రహస్యంగా ఓటేసి తేల్చుకున్నచోట సంఘం వాళ్లతోపాటు పరిశ్రమకూ పనికొచ్చింది. ఆ వీలు లేనిచోట అవే సంఘాలు ఒకసారి బలప్రదర్శనకు దిగాయి, ఇంకోసారి పైరవీ దుకాణాలు తెరిచాయి. రెండూ సింగరేణి చూసినవే.

1980లలో, 90ల మొదట్లో అక్కడ ఏడాదికి వందల సమ్మెలు జరిగేవి. అన్నీ జీతాల కోసం కావు. బొగ్గు నింపే టబ్బులు అందలేదని, ఒకరిని వేరే షిఫ్టుకు మార్చారని, పైఅధికారితో మాటామాటా పెరిగిందని, ఇలాంటి వాటికే ఒక బాయి (గని) ఆగిపోయేది. ఎవరు పని ఆపించగలిగితే వాళ్లదే పలుకుబడి. యాజమాన్యం ఒక సంఘంతో కూర్చుని ఒప్పందం రాసుకుంటే, దాన్ని చెల్లకుండా చేయడానికి పక్క సంఘం మర్నాడు జెండా ఎత్తేది. ఎవరి వెనక ఎందరున్నారో లెక్కే లేనప్పుడు, ఒప్పుకున్న మాటకు పూచీ పడేదెవరు? కంపెనీ 1990లలో రెండుసార్లు ఖాయిలా పరిశ్రమల బోర్డు గడప తొక్కింది.

1998లో తొలిసారి రహస్య బ్యాలెట్ పెట్టారు. నిర్వహణ కేంద్ర కార్మిక శాఖ చేతికి వెళ్లింది. కంపెనీ మొత్తం మీద ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నది గుర్తింపు సంఘం. ఏరియాలో గెలిచినది ఆ ఏరియాకు ప్రాతినిధ్య సంఘం. గనిలో తేలనిది ఏరియా జీఎం దగ్గరికి, అక్కడా తేలనిది యాజమాన్యం, సంఘం కూర్చునే పైస్థాయి స్ట్రక్చర్డ్ సమావేశానికి వెళ్లాలి. మినిట్స్ రాసి ఇరుపక్షాలూ సంతకాలు పెట్టాలి. వినడానికి చప్పగా ఉండే ఈ ఏర్పాటే చీటికీమాటికీ జరిగే సమ్మెలను తగ్గించింది. ఇదొక్కటే కంపెనీని గట్టెక్కించిందని మేం అనం. ఓపెన్‌కాస్టులు (పైనుంచి తవ్వే గనులు), యంత్రాలు వచ్చాయి, ప్రభుత్వం ఆదుకుంది, లక్షకు పైనున్న పర్మినెంటు కార్మికులు నలభై వేలకు దిగారు. అయినా 1998 నుంచి జరిగిన ఏడు ఎన్నికల్లో మూడు వేర్వేరు సంఘాలు గెలిచాయి. పని చేయని నాయకత్వాన్ని దించే దారి తన చేతిలో ఉన్న కార్మికుడికి, కోపం వచ్చిన ప్రతిసారీ బాయి ఆపాల్సిన అవసరం లేదు.

సమ్మె ఖరీదు కూడా బయటివాళ్లకు సరిగా తెలియదు. పదిమందికి తక్కువ కాకుండా కూడబలుక్కుని, నోటీసు లేకుండా, సరైన కారణం లేకుండా పనికి రాకపోతే ఎనిమిది రోజుల దాకా వేతనం కోసుకోవడానికి చట్టం వీలిస్తుంది. పాత వేతన చెల్లింపు చట్టంలో ఉన్న ఈ నిబంధన 2019 వేతన కోడ్‌లోనూ ఉంది. అంటే ఒక్కరోజు ఆగితే ఆ రోజు మస్టర్ (హాజరు, దాని కూలీ) ఎలాగూ పోతుంది, దానిపైన మరో ఎనిమిది మస్టర్లు పోవచ్చు. 1981లో సింగరేణి కార్మికులు 56 రోజులు సమ్మె చేసింది ఈ కోత మీదే. జల్సా కోసం సమ్మెలు చేస్తారనే పెద్దమనుషులు తొమ్మిది మస్టర్లు లేని నెల జీతం చీటీని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడాలి.

కార్మికులు కోరుకున్న సంఘం వేరు, చట్టం గుర్తించిన సంఘం వేరు అయితే ఏమవుతుందో బొంబాయి చూపించింది. 1982 జనవరి 18న అక్కడ రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు కార్మిక నాయకుడు దత్తా సామంత్ వెనక సమ్మెకు దిగారు. వాళ్లలో కరీంనగర్ వైపు నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు ఎందరో. 1946 నాటి బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం ప్రకారం మాట్లాడే హక్కు మాత్రం రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్‌దే. సభ్యత్వ పుస్తకాలు చూసి ఇచ్చిన గుర్తింపు అది, ఓటింగు పెట్టి ఇచ్చింది కాదు. వీధిలో ఉన్న కార్మికుల నాయకుడితో యజమానులు మాట్లాడరు. యజమానులతో మాట్లాడగల సంఘం వెంట కార్మికులు లేరు. సమ్మె అధికారికంగా ముగిసినట్టు ప్రకటించినవాళ్లెవరూ లేరు. మిల్లులు మూతపడ్డాయి, ఆ భూముల్లో మాల్స్ లేచాయి. ఓడిపోయింది సామంత్ మొండితనం వల్లనేనని రాసేవాళ్లు ఆ 1946 చట్టం ఊసెత్తరు. మొండితనం ఉన్న మాట నిజమే. కానీ దాన్ని సరిదిద్దే దారి చట్టమే మూసేసింది.

మన రాష్ట్రాల అనుభవం ఇంకా దగ్గరిది. తెలంగాణ ఆర్టీసీలో 2019 అక్టోబరు 5న మొదలైన సమ్మె 52 రోజులు నడిచింది. దాదాపు 48 వేల మంది రోడ్డెక్కారు. సంఘాల ఉమ్మడి వేదిక జేఏసీ ముందుపెట్టిన డిమాండ్లు 26, అన్నిటికీ తలమానికం ప్రభుత్వంలో విలీనం. హైకోర్టు జోక్యంతో జరిగిన చర్చల్లో యాజమాన్యం 21 డిమాండ్ల మీదే మాట్లాడతానంది. నాయకులు మొత్తం 26 కావాలన్నారు. అక్కడే తెగిపోయింది. సంఘాల పొరపాటు ఇక్కడ స్పష్టం: విలీనం దొరకకపోతే దేనితో సర్దుకోవాలో ముందే తేల్చుకోలేదు, సమ్మె ఎప్పుడు ఆపాలో అసలే తేల్చుకోలేదు. ప్రభుత్వం పొరపాటు అంతకన్నా పెద్దది. సమ్మెలోకి వెళ్లినవాళ్లు తమంతట తామే ఉద్యోగాలు వదులుకున్నట్టేనంది, చివరికి అందర్నీ చేర్చుకుని సంఘాలను పక్కనపెట్టి డిపోల్లో సంక్షేమ మండళ్లు పెట్టింది. ఓటుతో ఎన్నుకోని మండలి సభ్యుడు డ్యూటీ చార్టు మీద డిపో మేనేజరును ఎంతవరకు నిలదీయగలడు? 2025 మేలో మళ్లీ సమ్మె పిలుపు వచ్చినప్పుడు, సంఘాలపై ఆంక్షలు ఎత్తేయాలన్నది కూడా డిమాండ్లలో ఉంది. ఆరేళ్లకు కథ మొదటికొచ్చింది.

సంఘాలకు కూడా చెప్పాల్సింది చెప్పాలి. సింగరేణిలో ప్రతి ఎన్నికలోనూ గట్టిగా వినిపించే హామీ కొడుకు ఉద్యోగం. 2016లో ప్రకటించిన వారసత్వ ఉద్యోగాల పథకాన్ని హైకోర్టు 2017లో కొట్టేసింది. ఆరోగ్యంగా ఉన్న ఉద్యోగి స్వచ్ఛందంగా దిగిపోయి కొడుక్కి కొలువు అప్పగిస్తే, బొగ్గు గనుల ఊళ్లో పుట్టి తండ్రి గనిలో లేని కుర్రాడి గతి ఏమిటన్నది న్యాయమైన ప్రశ్న. తర్వాత వచ్చిన కారుణ్య నియామకాలకు మెడికల్ బోర్డు ఉద్యోగిని 'అన్‌ఫిట్' అని తేల్చాలి. ఒక సంతకం మీద ఒక ఉద్యోగం ఆధారపడినచోట దళారి పుట్టకుండా ఉండడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదన్న సామెతను గని గేటు దగ్గర ఎవరికీ వివరించక్కర్లేదు. నిజంగా ఊపిరితిత్తులు పాడైనవాడు క్యూలో నిలబడి ఉంటాడు. ఈ పైరవీని అడ్డుకోవాల్సిన సంఘాలు దానితోనే సభ్యత్వం పెంచుకుంటే, కీడు యజమానికి కాదు, సాటి కార్మికుడికే.

ఆర్థిక వ్యవస్థకు నష్టమనేవాళ్లు సాధారణంగా ముందుపెట్టేది 2004లో వచ్చిన ఒక పరిశోధన. పారిశ్రామిక వివాదాల చట్టానికి రాష్ట్రాలు చేసిన సవరణలను లెక్కగట్టి, కార్మికుల వైపు మొగ్గిన రాష్ట్రాల్లో రిజిస్టరైన పరిశ్రమల ఉత్పత్తి, ఉపాధి తగ్గాయని అది తేల్చింది. అందులో ఆంధ్రప్రదేశ్ యజమానుల వైపు మొగ్గిన రాష్ట్రం. గుజరాత్ కార్మికుల వైపు మొగ్గిన రాష్ట్రం! చదివినవాళ్లెవరికైనా అక్కడే అనుమానం రావాలి. చట్టపుస్తకంలోని సవరణలను లెక్కబెడితే కర్మాగారం గేటు దగ్గర జరిగేది తెలియదు.

సంఘం చేసే మేలులో పేపర్లకెక్కనిది రక్షణ. భూగర్భ గనిలో పైకప్పును ఇనుప గడతో తట్టి చూస్తారు. ఖంగుమంటే గట్టిది, బోలుగా మోగితే బండ విడిపోతోందని అర్థం. బోలుగా మోగినచోట బోల్టులు, సపోర్టులు పడేదాకా పని ఆపాలి. ఆపితే ఆ షిఫ్టు టన్నులు తగ్గుతాయి. ఆ మాట షిఫ్టు పని చూసే ఓవర్‌మన్‌తో అనడానికి ఒంటరి కార్మికుడికి ధైర్యం చాలదు. అందుకే గని నియమాల్లో పిట్ సేఫ్టీ కమిటీ ఉంది, పెద్ద గనుల్లో వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లు ఉన్నారు. వాళ్లను నియమించేటప్పుడు సంఘాన్ని సంప్రదించాలి. సంఘం గట్టిగా ఉన్నచోట ఇన్‌స్పెక్టర్ రిజిస్టరులో రాస్తాడు. లేనిచోట గడతో తట్టిన చప్పుడు అక్కడికక్కడే ఆగిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, గుర్తింపుకు దేశమంతటికీ ఒక కొలత తెచ్చింది. మస్టర్ రోల్‌లోని కార్మికుల్లో 51 శాతం మద్దతు ఉన్న సంఘమే ఏకైక చర్చల సంఘం. ఎవరికీ అంత లేకపోతే, కనీసం 20 శాతం ఉన్న సంఘాలతో చర్చల మండలి. ప్రతి 20 శాతానికి ఒక ప్రతినిధి. ఈ కొలతను 2023 సింగరేణి లెక్కకు పెట్టి చూడండి. మొత్తం ఓటర్లలో ఏఐటీయూసీకి వచ్చినవి 40.7 శాతం, ఐఎన్‌టీయూసీకి 35.6 శాతం. గెలిచిన సంఘం కూడా ఏకైక సంఘం కాలేదు. నికరంగా మొదటిదానికి ఇద్దరు, రెండోదానికి ఒకరు. మిగిలిన శాతాలనూ లెక్కలోకి తీసుకోవాలని కోడ్‌లోనే ఉంది. నిన్నటిదాకా గేట్ మీటింగుల్లో ఒకరినొకరు తిట్టుకున్నవాళ్లు బల్లకు ఒకే వైపు కూర్చోవాలి. ఇది మంచికే కావచ్చు. కానీ మద్దతును ఎలా తేలుస్తారన్నది చట్టంలో లేదు, నియమాలకు వదిలేశారు. జీతం నుంచి చందా కోసే చెక్ ఆఫ్ జాబితాలు చాలంటే బొంబాయి మళ్లీ మొదలైనట్టే. రహస్య బ్యాలెట్ తప్పనిసరని గనులకు కేంద్రం, తమ పరిధిలోని పరిశ్రమలకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు నియమాల్లో ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది.

సమ్మె విషయంలో కోడ్ యజమాని వైపే ఒరిగింది. 14 రోజుల నోటీసు ఇదివరకు ప్రజోపయోగ సేవలకే ఉండేది, ఇప్పుడు ప్రతి పరిశ్రమకూ వర్తిస్తుంది. నోటీసు అందగానే రాజీ అధికారి సమావేశం పెడతాడు. అది నడుస్తున్నంతకాలం, ముగిశాక ఏడు రోజులు సమ్మె నిషిద్ధం. ఈలోగా ఎవరో ఒకరు ట్రైబ్యునల్‌కెక్కితే అక్కడ తేలేదాకా, తేలాక మరో 60 రోజులు నిషిద్ధం. సగం మంది కలిసి క్యాజువల్ లీవు పెట్టినా సమ్మే. ఇన్ని తాళాలు వేశాక చట్టబద్ధమైన సమ్మె కాగితం మీదే మిగులుతుంది, చట్టవిరుద్ధమైనది మాత్రం జరుగుతూనే ఉంటుంది. 1980ల సింగరేణిలో చూసింది అదే. సగటు పరిశ్రమకు కావాల్సింది నోటీసు గడువుల కన్నా, నోటీసు అవసరం రాకముందే కూర్చునే స్ట్రక్చర్డ్ సమావేశం.

కోడ్‌లోని 'మస్టర్ రోల్' అన్న మాట దగ్గరే మా అభ్యంతరం. కాంట్రాక్టు కార్మికుడి పేరు ఉండేది కాంట్రాక్టరు మస్టర్‌లో. ఓపెన్‌కాస్టులో మట్టి తీసే డంపర్ డ్రైవరు, బొగ్గు నలగ్గొట్టి రవాణాకు ఎక్కించే సీహెచ్‌పీ దగ్గర ఊడ్చే మహిళ, ఆస్పత్రి వార్డుబాయ్, వీళ్లెవరూ కంపెనీ లెక్కలో లేరు. గుర్తింపు సంఘానికి వాళ్ల ఓటు అక్కర్లేదు కాబట్టి, వాళ్ల డిమాండు స్ట్రక్చర్డ్ సమావేశం ఎజెండాలో ఎప్పుడూ చివరన ఉంటుంది. కోల్ ఇండియాలో కాంట్రాక్టు కార్మికులకు అమలవుతున్న హైపవర్ కమిటీ వేతనాల కోసం 2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు 18 రోజులు సమ్మె చేశారు. ఆ పోరాటం వాళ్లే చేసుకోవాల్సి వచ్చింది. లాభాల వాటా చూస్తే ఈ దూరం ఇంకా బాగా కనిపిస్తుంది. 2023-24కు, విస్తరణకు పక్కనపెట్టింది పోగా మిగిలిన లాభంలో 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికులకు ప్రకటించారు. పర్మినెంటు కార్మికుడికి సగటున లక్షా 90 వేలు, కాంట్రాక్టు కార్మికుడికి తొలిసారిగా 5 వేలు. మరుసటి ఏడాది వాటా 34 శాతమైంది, కాంట్రాక్టు కార్మికుడి 5 వేలు 5,500 అయ్యాయి.

బొగ్గు గనుల 11వ వేతన ఒప్పందం గడువు 2026 జూన్ 30 వరకే. 2021 జులై నుంచి అమలు కావాల్సిన ఆ ఒప్పందం మీద సంతకాలు 2023 మేలో గానీ పడలేదు. 19 శాతం పెంపు ఇచ్చింది, 23 నెలల బకాయి మిగిల్చింది. 12వ ఒప్పందానికి కూర్చునే సంఘాలు కాంట్రాక్టు కార్మికుడి రోజు కూలీని మొదటి పేజీలో రాస్తాయా, అనుబంధంలో రాస్తాయా అన్నది చూడాలి. ఇక సింగరేణి తదుపరి ఎన్నికకు గని ఆఫీసు గోడకు ఓటరు జాబితా అంటించేటప్పుడు, పక్కనే ఇంకో జాబితా కూడా అంటించమని మా సూచన: ఆ గనిలో ఏడాదికి పైగా పని చేస్తున్న కాంట్రాక్టు కార్మికుల పేర్లు, కాంట్రాక్టరు పేరు, పీఎఫ్ నంబరు ఉన్నదీ లేనిదీ. ఓటు ఇవ్వడానికి చట్టం మారాలి. జాబితా అంటించడానికి జిగురు చాలు.