హెడ్‌మాస్టర్‌కు టెన్షన్ ఎక్కడిదంటే

"ప్రిన్సిపాల్ ఉద్యోగమంత సుఖం ఇంకోటి లేదు. పాఠం చెప్పేది లేదు, నెలన్నర ఎండాకాలం సెలవులు, కుర్చీలో కూర్చొని సంతకాలు. టెన్షన్ అంటున్నారంటే చేతగాకనే. రోజూ అరగంట యోగా చేస్తే పోతుంది." మా హనుమకొండ వాట్సాప్ గ్రూపుల్లో వారంగా తిరుగుతున్న మెసేజ్ ఇది. నర్సంపేట వైపు ఒక హైస్కూల్లో ఆరేళ్లు హెడ్‌మాస్టర్‌గా చేశాను. ఇందులో ఒక్క మాటా నిజం కాదు.

పాఠం చెప్పేది లేదా? హెడ్‌మాస్టర్‌కూ పీరియడ్లు ఉంటాయి. లెక్కల సార్ ట్రైనింగ్‌కు పోతే ఆ క్లాసూ చూసుకోవాలి.

సెలవులు పిల్లలకు. పదో తరగతి ఫలితాలు, తప్పినవాళ్ల సప్లిమెంటరీ ఫీజులు, పాఠ్యపుస్తకాలు, పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట ఏర్పాట్లు, అన్నీ ఆ ఎండల్లోనే.

ఇక సంతకాలు. మధ్యాహ్న భోజనం సంగతే తీసుకోండి. బియ్యం సర్కారు ఇస్తుంది. కూరగాయలు, గుడ్లు వంట చేసే అక్కలు ముందు అప్పు చేసి తెస్తారు, బిల్లు నెలల తర్వాత వస్తుంది. "సార్, గుడ్ల షాపాయన ఇగ ఉద్దెర ఇయ్యనంటున్నడు" అని ఒక అక్క నా ముందే ఏడ్చింది. బిల్లు ఇప్పించడం నా చేతిలో లేదు. కానీ పిల్లలకు వాంతులైతే మొదట సంజాయిషీ చెప్పుకోవాల్సింది నేనే. వడ్డించే ముందు రుచి చూడాలి కదా, ఆ మొదటి ముద్ద మింగి పిల్లలందరూ తిని లేచేదాకా నాకు కుదురుండేది కాదు. గురుకులాల ప్రిన్సిపాళ్లకైతే ఈ గుబులు రాత్రిళ్లు కూడా. అర్ధరాత్రి పిల్లకు జ్వరం ముదిరితే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పరుగెత్తాలి.

చేతగాకనే అన్న మాట నన్ను బాగా బాధపెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను పనికి సంబంధించిన సమస్యగా వివరించింది. ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద విరక్తి, చేసేది సరిగా చేయలేకపోవడం దాని గుర్తులు. నా ఐదో ఏడాదిలో పిల్లలు గుడ్‌మార్నింగ్ చెప్తే తలెత్తి చూడలేకపోయాను. అంతకుముందు అందరి పేర్లూ నోటికొచ్చేవి.

యోగా మంచిదే, చేయండి. నిద్ర పట్టకపోతే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అందులో సిగ్గేమీ లేదు. అయితే యోగాతో బిల్లులు రావు, ఖాళీగా ఉన్న క్లర్క్ పోస్టు నిండదు. నా తర్వాత వచ్చిన మేడమ్‌కు ఇప్పటికీ క్లర్క్ లేడు. బడి లెక్కలన్నీ ఆన్‌లైన్‌లో సర్కారుకు ఇచ్చే యూడైస్ వివరాలు రాత్రి పిల్లల్ని పడుకోబెట్టాక ఇంట్లో కూర్చొని ఎక్కిస్తున్నారు.