జననాల రేటు అడిగేవాళ్లు రోండా తల్లుల లెక్క చూడాలి

"జననాల రేటు పడిపోతోంది, ఇంకా పిల్లల్ని కనండి" అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు రోండా గుర్తొస్తుంది.

బ్రిటన్‌లోని దక్షిణ వేల్స్‌లో బొగ్గు గనుల లోయ అది. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఆ ప్రాంతమంతా ఒకే అర్బన్ డిస్ట్రిక్ట్, మన మున్సిపాలిటీ లాంటిది. 1921లో అక్కడ సుమారు 1,62,000 మంది ఉండేవారు. 1931 నాటికి 1,41,000 మందే మిగిలారు. గనుల్లో పని పోయింది. వయసులో ఉన్నవాళ్లు లండన్ వైపు వలసపోయారు. కనే వయసువాళ్లే ఊరొదిలి వెళ్తే జననాల రేటు తగ్గదా? పెద్దవాళ్లే మిగిలితే మరణాల రేటు పెరగదా? ఆ రెండు అంకెలు పట్టుకుని ఊరి ఆరోగ్యం మీద తీర్పు ఎలా చెబుతారు?

దేశం మొత్తం లెక్క మాత్రం బాగానే కనిపించింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1920లో ఏడాది లోపు పిల్లలు వెయ్యికి 80 మంది చనిపోతే, 1939కి అది దాదాపు 50కి దిగింది. ఆరోగ్య శాఖ ప్రధాన వైద్యాధికారి జార్జ్ న్యూమన్, నిరుద్యోగం వల్ల ప్రజల ఆరోగ్యం దెబ్బతిన్నట్టు ఆధారాలు లేవని 1930ల మొదట్లో నివేదికల్లో రాశాడు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. సగటు చల్లగా ఉంటే చాలా?

అదే కాలంలో, 1934లో, రోండాలో ప్రసవ సంబంధ మరణాలు వెయ్యి కాన్పులకు 11.29. అంటే సుమారు 89 కాన్పులకు ఒక తల్లి. అప్పటికే అక్కడ గర్భిణులకు వైద్య సేవలు మెరుగుపరిచే ప్రయత్నం జరిగింది. అయినా చావులు ఆగలేదు. అప్పుడు జూలియట్ రీస్ విలియమ్స్ పూనుకుని, ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున, గర్భిణులకు తిండి ఇప్పించింది. 1935లో ఆ రేటు 4.77కి పడింది. ఒక చిన్న ప్రాంతంలో ఒక్క ఏడాది మార్పును పట్టుకుని ఘనతంతా తిండిదేనని నేను అనను. ఆ తర్వాత ఇన్ఫెక్షన్లను అణిచే సల్ఫా మందులు వచ్చి, బాలింత జ్వరాన్ని అదుపు చేసి, దేశమంతటా తల్లుల్ని కాపాడాయి. కానీ మొగుడికీ పిల్లలకీ పెట్టి, మిగిలితే తినే ఆడదాని ఒంట్లో కాన్పును తట్టుకునే శక్తి ఎక్కడిది? ఈ మాట అర్థం కావడానికి మనం వేల్స్ దాకా పోనక్కర్లేదు. కాన్పంటే పునర్జన్మ అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో జననాల రేటు 1920లో వెయ్యి జనాభాకు 25.5 ఉండేది, 1933కి 14.4 అయింది. ఆ తగ్గుదల చూసి అక్కడా జాతి అంతరించిపోతుందని బెంగపడినవాళ్లు ఉన్నారు. కనాల్సిన మనిషి బతుకుతుందా లేదా అన్నది మాత్రం వాళ్లకు రెండో ప్రశ్న.

అందుకే ఇప్పుడు మన దగ్గర ఎక్కువ మందిని కనమని చెప్పేవాళ్లను నేను అడిగేది ఒకటే. జననాల రేటు పక్కనే బాలింత మరణాల రేటు కూడా పెట్టండి. రాష్ట్ర సగటు వద్దు, మండలాల వారీగా కావాలి.