ముందు ముఖద్వారం, తర్వాతే పండుగ

జనవరి వస్తే సూళ్లూరుపేటకు కళ వస్తుంది. స్టేజీ, స్టాళ్లు, పాటల కచేరీ, నాయకుల ప్రసంగాలు, నేలపట్టు పక్షుల కేంద్రం వైపు బారులు తీరే బస్సులు. 2001లో మొదలై, మధ్యలో కొన్నేళ్లు ఆగి, 2025లో మళ్లీ జరిగిన ఫ్లెమింగో ఫెస్టివల్‌ను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. నెల్లూరు, తిరుపతి, చెన్నైల నుంచి జనం పిల్లాపాపలతో వచ్చి పక్షులను చూసి వెళ్లడం మంచిదే. కాకపోతే ఉత్సవ విగ్రహానికి ఊరేగింపులు చేస్తూ మూలవిరాట్టుకు నైవేద్యం మానేసినట్టుంది ఆ పక్షులకు మేత పెట్టే పులికాట్ సరస్సు పరిస్థితి.

చిలకా తర్వాత దేశంలో ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం మన తిరుపతి జిల్లాలో, మిగిలింది తమిళనాడులో ఉంది. స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదుల మంచినీరు ఒకవైపు నుంచి, బంగాళాఖాతం ఉప్పునీరు మరోవైపు నుంచి వచ్చి కలిస్తేనే దీనికి ప్రాణం. సముద్రంలో పుట్టిన రొయ్య పిల్లలు సరస్సును కడలితో కలిపే ముఖద్వారాల గుండా లోపలికి వచ్చి, ఇక్కడ పెరిగి, తిరిగి కడలికి పోతాయి. దారి మూసుకుపోతే రొయ్య లేదు, చేప లేదు, పీత లేదు. రాయదొరువు, కొండూరుపాళెం ముఖద్వారాల దగ్గర జరుగుతున్నది అదే. కెరటాలు తోసుకొచ్చే ఇసుక మేట వేస్తోంది. దాన్ని కోసుకుపోయేంత వరద నీరు ప్రతి ఏడాదీ రావడం లేదు. దీనికి తోడు సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వేసిన రోడ్డు సరస్సును రెండుగా చీల్చింది. ఎండాకాలంలో ఉత్తర భాగానికి వెళ్లి చూస్తే నీళ్లకు బదులు పగుళ్లిచ్చిన నేల, దాని మీద తెల్లగా ఉప్పు పొర కనిపిస్తాయి. చేపలున్న చోటు వెతుక్కుంటూ దక్షిణానికి వెళ్లే మన మత్స్యకారులకు, తమిళనాడు మత్స్యకారులకు సరిహద్దు తగాదాలు అందుకే. వలలు కోసుకున్న రోజున పోలీసులు, అధికారులు వచ్చి రాజీ కుదురుస్తారు. ముఖద్వారం మాత్రం అలాగే ఉంటుంది.

పూడిక తీస్తామన్న హామీలు ఎన్నో విన్నాం. తీయాల్సిందే. అయితే ఎక్కడ తీయాలన్నది అసలు ప్రశ్న. ఫ్లెమింగో మేత చూస్తే సంగతి అర్థమవుతుంది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, కాళ్లతో బురద తొక్కుతూ, పొడవాటి మెడ వంచి, తలను తలకిందులు చేసి ముక్కుతో నీటిని వడగడుతుంది. ఆ జల్లెడలో చిక్కే నాచు, చిన్న రొయ్యల నుంచే దానికి ఆ గులాబీ రంగు. పడవలు తిప్పుకోవడానికని సరస్సు అడుగంతా తవ్వేస్తే ఈ పక్షికి నిలబడే చోటే ఉండదు. కాబట్టి తవ్వకం ముఖద్వారాలకు, వాటి నుంచి లోపలికి నీరు పారే కాలువలకే పరిమితం కావాలి. రోడ్డు కింద తూములు చాలకపోతే పెంచాలి. నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు కూడా పిల్లల కోసం చేపలను పులికాట్ నుంచే మోసుకొస్తాయి. ఇక్కడ చేప తగ్గితే అక్కడ గూళ్లు పలచబడతాయి.

ఇక షికారు మాట. భీములవారిపాళెం నుంచి ఇరకం దీవి వైపు పడవ ప్రయాణం ఎవరికైనా నచ్చుతుంది. కానీ సెల్ఫీ కోసం ఇంజిన్ పడవను పక్షుల గుంపు మీదికి పోనివ్వడమేమిటి? ఫ్లెమింగో ఉన్నచోట నుంచి ఉన్నట్టు ఎగరలేదు, నీటి మీద కొంత దూరం పరుగెత్తాకే గాలిలోకి లేస్తుంది. రోజుకు పదిసార్లు లేపితే దాని మేత కాలమంతా పరుగులకే సరి. ఎండిన సరస్సులో కార్లు, బైకులు తిప్పడం కొందరికి కొత్త సరదా అయింది. అటవీశాఖ దాన్ని కఠినంగా ఆపాలి. మనుషుల ప్రాణాల సంగతీ ఉంది. 2011 డిసెంబరు 25న తమిళనాడు వైపు పడవ మునిగి 22 మంది చనిపోయారు. లైఫ్ జాకెట్ లేని పడవ, పరిమితికి మించిన జనం మన రేవుల్లో మాత్రం కనబడరా?

చిలకాలో ఒడిశా ఏం చేసిందో మన అధికారులకు తెలియంది కాదు. 1991లో సరస్సు కోసమే ఒక సంస్థను పెట్టారు, 2000లో సముద్రానికి కొత్త ముఖద్వారం తెరిచారు. చేపలు తిరిగొచ్చాయి, పర్యాటకం పుంజుకుంది. ఏది ముందు జరిగిందో గమనించాలి. పులికాట్‌కు అలాంటి సంస్థ కావాలంటే రెండు రాష్ట్రాలూ కూర్చుని మాట్లాడుకోవాలి. సరిహద్దు గీతను నీళ్లూ, చేపలూ లెక్కచేయవు కాబట్టి వేరే దారి లేదు.

పడవ షికారు లైసెన్సులు బయటి కాంట్రాక్టర్లకు కాక మత్స్యకార సహకార సంఘాలకే ఇవ్వాలని మేం కోరుతున్నాం. ఏ గుంపు ఎక్కడ దిగుతుందో, ఎంత దూరంలో ఇంజిన్ ఆపాలో వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు, వేట లేని రోజుల్లో వాళ్లకు కూలీ కూడా దొరుకుతుంది. పక్షుల మేత ప్రాంతాలను జెండాలతో గుర్తించి అక్టోబరు నుంచి మార్చి వరకు అటు పడవలు పోనివ్వకూడదు. వచ్చే పండుగ కరపత్రంలో కళాకారుల పేర్ల పక్కనే రాయదొరువు, కొండూరుపాళెం పనులు ఏ తేదీన మొదలవుతాయో, ఏ తేదీకి పూర్తవుతాయో కూడా అచ్చు వేయాలి.