దొంగ అధికారికి శాలువా కప్పుదాం

అనంతపురంలో సన్మానాలకు కొదవ లేదు. పదవీ విరమణ చేసినవారికి, పదవి రాబోతున్నవారికి, ఏమీ చేయనివారికి కూడా లలిత కళా పరిషత్తులో శాలువాలు కప్పి పంపాం. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామంటూ ఫోన్ చేసే దొంగలను మాత్రం ఇంతవరకు ఒక్క సంఘమూ పట్టించుకోలేదు. ఇది అన్యాయమని నా దృఢాభిప్రాయం. ఖాతాదారును మనిషిగా గుర్తిస్తున్నది ప్రస్తుతం వాళ్లు మాత్రమే.

నమ్మకపోతే ఏదైనా సోమవారం మీ శాఖకు వెళ్లి చూడండి. పాస్‌బుక్కు ముద్రించే యంత్రం మీద ‘పనిచేయదు’ అన్న కాగితం అంటించి ఉంటుంది. ఆ కాగితమే పాతబడి, ఒక మూల ఊడి, ఫ్యాను గాలికి ఊగుతుంటుంది. బల్లకు దారం ఉంటుంది, దారానికి పెన్ను ఉండదు. కౌంటర్ వెనకాయన తల ఎత్తకుండానే ‘సర్వర్ లేదు’ అంటాడు. ఎప్పుడొస్తుందని అడిగితే చేబదులు అడిగినట్టు చూస్తాడు.

ఇక ఫోనులోని అధికారి సంగతి చూడండి. ‘నమస్కారం సార్, టిఫిన్ అయిందా?’ అని మొదలుపెడతాడు. పాస్‌బుక్కులో తప్పుగా పడిన మన ఇంటిపేరును తప్పు లేకుండా పలుకుతాడు. ఆయనకు రెండో శనివారం లేదు, నాలుగో శనివారం లేదు, పండగ లేదు. ఈ సాయంత్రంలోగా కేవైసీ చేయించుకోకపోతే ఖాతా ఆగిపోతుందని బెదిరిస్తాడు, నిజమే. కానీ ఆ భయం ఆయన సొంత ఆస్తి కాదు. ఇచ్చిన ఆధార్ నకలునే మళ్లీ మళ్లీ తెమ్మని, తేకపోతే ఖాతా నిలిపేస్తామని సందేశాలు పంపి బ్యాంకులు ఏళ్ల తరబడి దున్ని పెట్టిన చేలో ఈయన వేరుశనగ విత్తుకుంటున్నాడు, అంతే.

మా వీధిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడున్నారు. ఆయనకు వాట్సాప్‌లో బ్యాంకు పేరుతో ఒక ఫైలు వచ్చింది, చివర ‘ఏపీకే’ అని ఉంది, అంటే ఫోనులోకి యాప్‌ను ఎక్కించే ఫైలు. తాకగానే ఫోనే అడ్డుపడింది, ఈ ఫైలు హాని చేయవచ్చునని. మాస్టారు ఆ హెచ్చరికను అక్షరం పొల్లు పోకుండా అధికారికే చదివి వినిపించారు. ‘అది మామూలే సార్, అనుమతించండి’ అన్నాడాయన. సందేశాలు చదువుకునే అనుమతి కావాలని యాప్ అడిగింది. అదీ ఇచ్చారు. ప్రశ్న రెండుసార్లు చదివి జవాబు రాయాలని పిల్లలకు సర్వీసంతా చెప్పిన మనిషి! అయితే ఓటీపీ ఎవరికీ చెప్పకూడదన్న నియమాన్ని మాత్రం ఆయన తుదిదాకా పాటించారు. చెప్పవలసిన అవసరమే రాలేదు. వచ్చిన ఓటీపీలన్నీ ఆ యాప్ తానే చదువుకుంది.

రైతుల కోసం వేరే విభాగం ఉంది. పంటల బీమా సొమ్ము మంజూరైందని, జమ కావాలంటే యూపీఐ పిన్ కొట్టాలని అందులోవాళ్లు చెబుతారు. ఖాతాలోకి డబ్బు రావడానికి పిన్‌తో పనే లేదని ఎదురు చెప్పే రైతు వాళ్ల లెక్కలో అభివృద్ధి నిరోధకుడు.

అసలు ఇంత చక్కని సేవను పాడుచేస్తున్నది మర్యాద తెలియని జనం. మా పక్కింటి పెద్దమ్మనే తీసుకోండి. ఖాతా వివరాలు అడిగినవాణ్ణి ఆమె తిరిగి ప్రశ్నించింది. ‘ఏ కౌంటర్లో కూర్చుంటావు నాయనా?’

‘మీరు రానక్కర్లేదమ్మా, ఫోనులోనే అయిపోతుంది.’

‘ఎండలో నడిచి వచ్చేది నేను. నీకేమిటి కష్టం? కౌంటర్ చెప్పు, పది గంటలకంతా అక్కడుంటాను.’

ఫోన్ పెట్టేసింది ఆయనే. ఇంకొందరు మరీ మొరటువాళ్లు. ఎదుటివాడి వాక్యం పూర్తి కాకుండానే ఫోన్ కట్ చేసి, ఏటీఎం కార్డు వెనక ముద్రించిన నంబరుకు తామే ఫోన్ చేసి ఆరా తీస్తారు. ఇంటర్నెట్‌లో వెతికి ఉంటే మన అధికారి నంబరే దొరికేది, ఆ అవకాశమూ ఇవ్వరు. ఈ కుట్రలో రిజర్వు బ్యాంకుకూ భాగముంది. ఖాతాదారులకు సేవల గురించి చేసే కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలని 2025 జనవరిలో బ్యాంకులను ఆదేశించి, పది అంకెల సెల్ నంబరు నుంచి పలకరించే మేనేజరు పరువు తీసింది.

డబ్బు పోయిందని తెలిసిన తర్వాతి ఘట్టం మళ్లీ అసలు బ్యాంకుది. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తే సొమ్ము మరో ఖాతాలోకి దాటిపోకముందే ఆపించే వీలుంటుంది. బ్యాంకుకు కూడా అప్పుడే చెప్పాలి. ఎందుకంటే 2017 జూలైలో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం ప్రకారం, ఖాతాదారు పొరపాటు వల్ల పోయిన డబ్బు బ్యాంకుకు తెలియజేసేదాకా ఖాతాదారుదే, తెలియజేశాక పోయేది బ్యాంకుది. అందుకే కాబోలు, అక్కడికి ఫోన్ చేస్తే ‘మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం’ అని చెప్పి సంగీతం వినిపిస్తారు. ఆ సంగీతం సాగినంతసేపూ నష్టం మన పద్దులోనే పడుతుంది. మాస్టారు చాలాసేపు విన్నారు, మోహన రాగం కావచ్చునన్నారు.

మూడోనాడు ఆయనకు ఇంకో ఫోన్ వచ్చింది. సైబర్ విభాగం నుంచట. గొంతు ఎంతో సౌమ్యంగా ఉంది. పోయిన సొమ్మంతా తిరిగి ఇప్పిస్తారట, రుసుము మాత్రం ముందే కట్టాలట.