అమ్మ దర్శనానికి సర్వదర్శనం లైను

తిరుపతిలో పుట్టినవాడికి క్యూలో నిలబడటం రక్తంలోనే ఉంటుందని అనుకునేవాణ్ణి. కాదు. పుట్టిన మొదటి నిమిషం నుంచే నేర్పిస్తారు. మా చెల్లెలి కాన్పులో కళ్ళారా చూశాను.

మేనల్లుడు పుట్టాడు, ఏడ్చాడు. వెంటనే ఎత్తుకెళ్ళి తూకం వేశారు. స్నానం చేయించి, టవల్లో లడ్డూ పొట్లంలా చుట్టి బయటికి తెచ్చారు. బ్రేక్ దర్శనం వాళ్ళం రెడీగా ఉన్నాం. ముందు మా నాయన, తర్వాత బావగారి నాన్న, ఆ తర్వాత లిఫ్టు పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన. ఆయనెవరో మాకు ఈ రోజుకీ తెలియదు. కానీ ముక్కు అచ్చం తాతదేనని తేల్చింది ఆయనే. ఫొటో బెంగళూరు దాకా పోయింది. జాతకానికి టైం రాసుకున్నారు. చెల్లెలి అత్తగారు సంచిలోంచి తేనె సీసా తీశారు. కన్నతల్లి మాత్రం లోపల ఫ్యాను చూస్తూ పడుకుంది. తల్లీబిడ్డలిద్దరిదీ సర్వదర్శనం లైను, అదీ టైం స్లాట్ టోకెన్ లేకుండా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం ఏదేదో చెబుతోంది. బిడ్డను తుడిచి, బట్టల్లేకుండా తల్లి రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పి, కనీసం గంటసేపు కదిలించొద్దట. స్నానం 24 గంటలు ఆగాలట. తల్లి ఒంటి వేడే బిడ్డకు చాలట, ఊపిరీ గుండే కుదుటపడతాయట. వదిలేస్తే వాడే పాకి ముర్రుపాలు వెతుక్కుంటాడట. మరి ఆ గంటా మేమేం చేయాలి? దీని గురించి ఒక్క మాట లేదు.

1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఎడ్గార్ రే అనే డాక్టరు నెలలు నిండని పిల్లల్ని తల్లుల ఎదకు కట్టించాడు. 2021లో, మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో చేసిన అధ్యయనం వచ్చింది. బరువు తక్కువ పిల్లల్ని కుదుటపడేదాకా ఆగకుండా, పుట్టగానే తల్లి ఒంటికి అదిమితే మరణాలు 25 శాతం తగ్గాయి. పైసా ఖర్చు లేదు. అసలు లోపం అదే. బిల్లులో ఏ లైన్లో వేస్తారు?

అందుకే నాదొక సలహా. బిడ్డకు 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం పెట్టండి, ఆధార్ తప్పనిసరి చేయండి. వాడి దగ్గర ఎలాగూ ఉండదు, మా వరస చెడదు.

గంటన్నర దాటాక మావాడి వంతు వచ్చింది. చెల్లెలి ఎద మీద పెట్టగానే ఏడుపు ఆపాడు. పిడికిలి విప్పి, వేళ్ళతో ఆమె మెడ పక్కన తడిమాడు. కళ్ళు తెరిచి అమ్మను చూడబోతుంటే, ఇంకా ఫొటో దొరకని మా పిన్ని వెనకనుంచి అంది: ‘జరగండి, జరగండి!’