పగ్గాలు ఎవరి చేతిలో?

రాబెర్టో బుసా ఇటలీకి చెందిన క్యాథలిక్ మతగురువు, జెసూట్ సంఘ సభ్యుడు. 1940లలో ఆయన ఒక చిన్న మాట వెంటపడ్డారు. 13వ శతాబ్దపు తత్వవేత్త థామస్ అక్వినాస్ రచనల్లో ‘సాన్నిధ్యం’ అన్న భావన మీద ఆయన పరిశోధన. ఆ పదం దొరికిన చోటల్లా ఆగి చూసినా పని తెమల్లేదు. లాటిన్‌లో ‘ఇన్’ అనే మాట ఉంది, మన ‘లో’ విభక్తి లాంటిది. అది ఏ వాక్యంలో ఎలా వచ్చిందో పట్టుకుంటేనే అసలు సంగతి తేలుతుందని ఆయనకు అర్థమైంది. కూర్చుని చేత్తో 10 వేల కార్డులు రాసుకున్నారు. అది ముగిశాక, అక్వినాస్ వాడిన ప్రతి మాటకూ ఇలాంటి సూచి ఉండాలనిపించింది. సంబంధిత రచనలతో కలిపితే కోటి దాటిన మాటలు. చేతిరాతకు లొంగే పని కాదు.

1949లో బుసా న్యూయార్క్ వెళ్లి, లెక్కల యంత్రాలు తయారుచేసే ఐబీఎం సంస్థ అధిపతి థామస్ వాట్సన్‌ను కలిశారు. మా యంత్రాలతో అయ్యే పని కాదన్నారు వాట్సన్. కష్టమైనది వెంటనే చేస్తాం, అసాధ్యమైనదానికి కాస్త సమయం పడుతుంది అని ఐబీఎం తానే వేయించుకున్న ప్రకటనను బుసా ఆయన ముందు పెట్టారు. పని మొదలైంది. చిల్లుల రూపంలో సమాచారం నమోదు చేసే పంచ్ కార్డుల నుంచి మాగ్నెటిక్ టేపులకు మారుతూ సాగి, 56 సంపుటాల ముద్రణ పూర్తయ్యేసరికి 1980 వచ్చింది. ఆ కార్డుల మీద అక్షరాలు కొట్టినవారు ఇటలీలోని గల్లరాటేలో శిక్షణ పొందిన యువతులు. చాలాకాలం వారి పేర్లు ఎవరూ రాయలేదు. ఇది గుర్తుంచుకోవలసిన లోపం.

ఈ కథ ఇప్పుడు చెప్పడానికి కారణం ఉంది. ఏ మతమైనా, ఏ దేశమైనా, ధార్మిక సంస్థలన్నీ ఇవాళ ఒకే హడావిడిలో ఉన్నాయి. 2020లో కరోనా ప్రార్థనా మందిరాల తలుపులు మూయించినప్పుడు చేతికందిన ఫోనుతో ప్రత్యక్ష ప్రసారాలు మొదలుపెట్టాయి. విరాళాలు క్యూఆర్ కోడ్‌కు మారాయి. సభ్యుల పుస్తకం యాప్ అయింది. ఇప్పుడు కృత్రిమ మేధ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చాలాచోట్ల డిజిటల్ విభాగం పెట్టి, దానికి ఒకరిని అధిపతిగా నియమిస్తున్నారు. మంచి పని. అయితే ఆ కుర్చీలో కూర్చున్నవారిని సంస్థ ఏమడుగుతోంది? ‘కొత్తగా ఏం వచ్చింది, మనమూ పెట్టేద్దాం’ అన్నదే ఆదేశమైతే ఆ విభాగం ఖర్చు పద్దుగానే మిగులుతుంది. బుసాకు ముందు ప్రశ్న దొరికింది, యంత్రం తర్వాత వచ్చింది. ఆ వరస తారుమారైన చోట డబ్బుతోపాటు నమ్మకమూ పోతుందన్నది మా అభిప్రాయం.

మతానికీ సాంకేతికతకూ పడదన్న మాట చరిత్ర ముందు నిలవదు. తేదీ వేసి ఉన్న అచ్చు పుస్తకాల్లో ఇప్పటివరకు దొరికిన అతి పాతది బౌద్ధ గ్రంథమే. 868లో చైనాలో చెక్క అచ్చులతో ముద్రించిన వజ్రచ్ఛేదిక సూత్రం అది. అందరికీ ఉచితంగా పంచడానికి అచ్చు వేయించినట్టు దాని చివర రాసి ఉంది. వాటికన్ రేడియోను 1931లో రేడియో మార్గదర్శి మార్కోనీ స్వయంగా నిర్మించి ఇచ్చారు. 1995లో వాటికన్ వెబ్‌సైట్ మొదలైనప్పుడు ఆ పనిని భుజాన వేసుకున్నది సిస్టర్ జుడిత్ జోబెలైన్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసిని. అక్కడి సర్వర్లకు రఫేల్, మైఖేల్, గాబ్రియేల్ అని ప్రధాన దేవదూతల పేర్లు పెట్టుకున్నారు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఆ యంత్రాలు తమ ఇంటివని, తమ పనికోసమే వచ్చాయని అనుకున్నవాళ్లే అలా పిలుచుకోగలరు.

మామూలు సంస్థల్లో పరిస్థితి వేరు. వెబ్‌సైట్‌ను ఎప్పుడో ఒక యువకుడు సేవాభావంతో చేసిపెట్టి ఉంటాడు. డొమైన్, అంటే సైట్ చిరునామా, అతని సొంత ఈమెయిల్ మీద నమోదై ఉంటుంది. అతను ఉద్యోగం వచ్చి దూరం వెళ్లిపోతాడు. గడువు దాటి, సైట్ తెరుచుకోని రోజున గానీ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందన్న ప్రశ్న పుట్టదు. సభ్యుల ఫోన్ నంబర్లున్న ఎక్సెల్ షీటు పదిమంది వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. ఏళ్లనాటి ప్రసంగాల రికార్డింగులన్నీ ఒకే హార్డ్ డిస్కులో ఉంటాయి. ఒకరోజు అది మొరాయిస్తుంది. ఇందులో ఆ యువకుడి తప్పు ఏమీ లేదు. పని అప్పగించి, అధికారమూ ఆసరా ఇవ్వని పాలక మండలిదే తప్పు. లెక్కల పుస్తకం ఎవరో ఒకరి ఇంట్లో ఉండటానికి ససేమిరా ఒప్పుకోని పెద్దలు, అంతే విలువైన ఈ తాళంచెవులను ఏళ్ల తరబడి అలా వదిలేయడం మాకు బాధ కలిగిస్తోంది.

కొత్త పరికరాల మాట ఎత్తేముందు ఈ ఇంటిపని తీరాలి. డొమైన్, ఖాతాలు సంస్థ పేరు మీదికి రావాలి. ప్రతిదానికీ కనీసం ఇద్దరు బాధ్యులు ఉండాలి. ముఖ్యమైన ఫైళ్లకు మరో ఊళ్లోనో మరో సర్వర్‌లోనో నకళ్లు ఉండాలి. ఆ నకలు నుంచి నిజంగా అంతా తిరిగి తెచ్చుకోగలమా అన్నది ఏడాదికొకసారైనా చేసి చూడాలి, ఎందుకంటే తెరుచుకోని నకలు ఉన్నా లేనట్టే. ఈ పనులకు ప్రారంభోత్సవాలు ఉండవు, ఫొటోలు పడవు. అందుకే అవి ఎప్పుడూ వచ్చే నెలకు వాయిదా పడుతుంటాయి.

నకలు విలువ ఏమిటో మోసుల్‌ను అడగాలి. ఇరాక్‌లోని ఆ నగరంలో నజీబ్ మికాయీల్ అనే డొమినికన్ ఫాదర్ 1990లో తూర్పు క్రైస్తవ చేతిరాత ప్రతుల కోసం ఒక కేంద్రం నెలకొల్పి, వాటి ప్రతిబింబాలు తీసి భద్రపరిచే పనికి పూనుకున్నారు. తర్వాత అమెరికాలోని మిన్నెసోటాలో బెనెడిక్టిన్ సన్యాసుల చొరవతో 1965లో పుట్టిన హిల్ మ్యూజియం అండ్ మాన్యుస్క్రిప్ట్ లైబ్రరీ ఆయనకు తోడైంది. 2014 ఆగస్టులో ఐసిస్ ఉగ్రవాద దళాలు ముంచుకొస్తుంటే ఆయన ప్రతులను వాహనాలకెక్కించి ఎర్బిల్ నగరానికి చేర్చారు. అక్కడ తలదాచుకున్న యువతకు ఆ పనిలోనే శిక్షణ ఇచ్చారు. ఆ ప్రాంతంలో తరలించలేకపోయిన సేకరణలు ఎన్నో నాశనమయ్యాయి. వాటిలో కొన్నిటికి ఇవాళ మిగిలిన ఆధారం డిజిటల్ చిత్రాలే. 2019లో ఆయన మోసుల్ ఆర్చ్‌బిషప్ అయ్యారు. కెమెరాలు, స్కానర్లతో గడిపిన మనిషిని ఆ సంఘం ‘కంప్యూటర్ మనిషి’ అని మూలన కూర్చోబెట్టలేదు. కొరియాలోని హేయిన్సా మఠంలో 13వ శతాబ్దంలో బౌద్ధ గ్రంథాలు చెక్కిన 81,258 దారు ఫలకాలున్నాయి. వాటి మీద అయిదు కోట్లకు పైగా అక్షరాలు. వాటిని కంప్యూటర్‌కెక్కించే పనికి 1990లలో ముందు నిలిచిందీ ఒక భిక్షువే. గ్రంథం విలువ తెలిసినవారే యంత్రాన్ని నడిపిన చోట పని ఇలా ఉంటుంది.

ఇక కృత్రిమ మేధ. ఇక్కడ కాస్త ఆగి మాట్లాడుకోవాలి.

2023 జూన్‌లో జర్మనీలోని ఫ్యూర్త్‌లో, సెయింట్ పాల్ చర్చిలో ఒక ఆరాధన జరిగింది. ప్రసంగం, ప్రార్థనలు దాదాపు అన్నీ చాట్‌జీపీటీ రాసినవే. తెర మీది మనిషి బొమ్మలు వాటిని చదివాయి. 300 మందికి పైగా వచ్చి 40 నిమిషాలు విన్నారు. అనుకున్నదానికంటే బాగుందని కొందరన్నారు, అందులో ప్రాణం లేదని కొందరన్నారు. 2024 ఏప్రిల్‌లో అమెరికాలోని ఒక క్యాథలిక్ సంస్థ ఫాదర్ వేషంలో ఉన్న చాట్‌బాట్‌ను విడుదల చేసింది. తాను నిజమైన మతగురువునని అది జనానికి చెప్పింది, పాపవిమోచనం ఇచ్చింది, శీతల పానీయంతో బాప్టిజం ఇవ్వవచ్చని కూడా అంది. రోజుల వ్యవధిలోనే దాని అంగీ విప్పి, మామూలు వ్యక్తిగా మార్చాల్సి వచ్చింది. అదే ఏడాది స్విట్జర్లాండ్‌లోని లూసర్న్‌లో ఒక ప్రార్థనా మందిరం, పాపనివేదన గదిలో తెర అమర్చి, ఏసు రూపంలో సుమారు 100 భాషల్లో మాట్లాడే కృత్రిమ మేధను రెండు నెలలపాటు ఉంచింది. వ్యక్తిగత వివరాలు చెప్పవద్దని ముందే హెచ్చరించింది. వెయ్యి మందికి పైగా దాని దగ్గరకు వచ్చారు. అభిప్రాయం చెప్పినవారిలో చాలామంది దాన్ని ఆధ్యాత్మిక అనుభవంగా భావించారని నిర్వాహకులే చెప్పారు. అయినా దాన్ని శాశ్వతంగా ఉంచబోమన్నారు, అంత బాధ్యత మోయలేమన్నారు. మూడింటిలోనూ మాకు ఎక్కువ గౌరవం కలిగించింది ఈ చివరి నిర్ణయమే. పరికరం విఫలమైతే తీసేయడం ఎవరైనా చేస్తారు. జనం మెచ్చుకుంటున్నప్పుడు ఆపగలగడానికి వివేకం కావాలి.

ఈ యంత్రాలు ఎలా పనిచేస్తాయో కొంత తెలిస్తే ఆ వివేకం సులువవుతుంది. ముందు వచ్చిన మాటలను బట్టి తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టి పేర్చడం వాటి పద్ధతి. ఒకే శ్లోకానికి, ఒకే వాక్యానికి వేర్వేరు సంప్రదాయాలు చెప్పిన అర్థాలన్నీ అందులో కలగలిసిపోయి ఉంటాయి. ఏది ఎవరి మాటో చెప్పకుండా, తడబాటు లేకుండా, మర్యాదైన భాషలో జవాబిస్తుంది. మతం విషయంలో ఆ ధీమాయే ప్రమాదం. తెలియనిచోట ‘తెలియదు నాయనా, పెద్దల్ని అడిగి చెబుతాను’ అనగల గురువును జనం ఎప్పుడూ తక్కువగా చూడలేదు.

అలాగని కృత్రిమ మేధను గుమ్మం బయటే ఆపమని మేం అనడం లేదు. ప్రసంగం జరుగుతుండగానే తెర మీద అక్షరాలు పడితే వినికిడి లేనివారు మొదటిసారి అందరితోపాటు ఒకే క్షణంలో తల ఊపుతారు. వేల గంటల పాత రికార్డింగుల్లో ఒక మాట ఎక్కడుందో నిమిషంలో వెతికిపెట్టవచ్చు. అనువాదానికి తొలి చిత్తు తయారు చేయించి, భాష తెలిసినవారితో దిద్దించుకోవచ్చు. లెక్కల్లో తేడాలు పట్టుకోవచ్చు. మోత పనులన్నీ దానికివ్వండి. దుఃఖంలో ఉన్న మనిషి మాట వినే పని మాత్రం ఇవ్వకండి. జవాబిచ్చే యంత్రాన్ని పెట్టి తీరాలనుకుంటే, అది యంత్రమని మొదటి వాక్యంలోనే చెప్పాలి, తాను చెప్పినదానికి ఏ గ్రంథం, ఏ పుట ఆధారమో చూపాలి, మనిషి దగ్గరకు దారి ప్రతి జవాబు కిందా ఉండాలి.

2020 ఫిబ్రవరి 28న వాటికన్ చొరవతో కృత్రిమ మేధ నైతికతపై ‘రోమ్ కాల్’ అనే పిలుపు వెలువడింది. మైక్రోసాఫ్ట్, ఐబీఎం అప్పుడే సంతకాలు చేశాయి. 2024 జులైలో హిరోషిమాలో తూర్పు దేశాల మతాల ప్రతినిధులూ ఆ సంతకాల్లో చేరారు. ఆ కాగితాలు బాగున్నాయి. ముప్పై కుర్చీలున్న చిన్న మందిరం కార్యాలయంలోకి అవి ఇంకా దిగాలి.

అక్కడ అన్నిటికంటే తక్కువ చర్చకు వచ్చే విషయం సమాచార భద్రత. ఒక మనిషి ఏ దేవుణ్ని కొలుస్తాడు, ఎంత ఇస్తాడు, ఏ కష్టానికి ప్రార్థన చేయించుకున్నాడు, ఎవరి పేరు మీద, ఏ జబ్బు కోసం... బ్యాంకు దగ్గర కూడా ఇంత లోతైన వివరాలు ఉండవు. మత విశ్వాసాన్ని ప్రత్యేక రక్షణ అవసరమైన సమాచారంగా గుర్తించింది 2018 మే నుంచి అమలవుతున్న ఐరోపా డేటా రక్షణ చట్టం. అదే ఏడాది జులైలో ఐరోపా న్యాయస్థానం ఫిన్లాండ్ నుంచి వచ్చిన కేసులో మరో మాట చెప్పింది. ఇంటింటికీ వెళ్లి బోధించే సభ్యులు తాము కలిసినవారి గురించి రాసుకునే నోట్స్‌కు కూడా ఐరోపా డేటా రక్షణ నియమాలు వర్తిస్తాయని, ఆ సభ్యులతోపాటు వారి మత సంఘానికీ బాధ్యత ఉందని తీర్పునిచ్చింది. సేవకోసమే రాసుకున్నాం కదా అన్నది అక్కడ సరిపోలేదు.

2020 నవంబరులో బయటపడ్డ సంగతి ఇంకా కలవరపెట్టేది. ముస్లింలకు ప్రార్థన వేళలు, ప్రార్థించే దిక్కు చూపే ఒక యాప్‌ను కోట్లమంది తమ ఫోన్లలో ఉంచుకున్నారు. వాళ్లు ఎక్కడెక్కడ తిరుగుతున్నారన్న వివరాలు ఆ యాప్ నుంచి ఒక డేటా వ్యాపార సంస్థకు చేరుతున్నాయని, ఆ సంస్థ ఖాతాదారుల్లో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లున్నారని ఒక పత్రికా పరిశోధన తేల్చింది. యాప్ నిర్వాహకులు ఆ తర్వాత అలాంటి సంస్థలతో సంబంధాలు తెంచుకుంటున్నట్టు ప్రకటించారు. అప్పటికి వెళ్లిపోయిన సమాచారం తిరిగి రాదు. ఉచితంగా వచ్చిన ప్రతి యాప్‌నూ, సైట్‌కు అదనంగా తగిలించే ప్రతి ప్లగిన్‌నూ, హాజరు కోసం ముఖాలు గుర్తుపట్టే ప్రతి కెమెరానూ ధార్మిక సంస్థ ఒక్కటే ప్రశ్న అడగాలి: దీన్నుంచి ఏం బయటకు పోతుంది, ఎవరికి? అవసరం లేని వివరం అసలు తీసుకోకపోవడమే మేలైన భద్రత.

ఈ ప్రశ్న అడగగలిగేవారికి సంస్థలో గొంతు ఉండాలి. సాంకేతిక బాధ్యుడికి, బాధ్యురాలికి పాలక మండలిలో చోటివ్వాలి. ‘ఇది వద్దు’ అనే అధికారం ఇవ్వాలి, వద్దన్నందుకు కారణం చెప్పే బాధ్యతా ఉంచాలి. వారు వారానికొక పూటైనా సభ్యుల మధ్య కూర్చోవాలి. స్మార్ట్‌ఫోన్ లేని వృద్ధురాలు విరాళం ఇవ్వడానికి వచ్చి గోడ మీది క్యూఆర్ కోడ్ వైపు చూస్తూ నిలబడిపోవడం నివేదికల్లో కనిపించదు, పక్కన కూర్చుంటే కనిపిస్తుంది. గల్లరాటే యువతులకు జరిగినట్టు ఇప్పటి వాలంటీర్లకు జరగకూడదు. కెమెరా నడిపే అమ్మాయి పేరు, సైట్ చూసుకునే అబ్బాయి పేరు ఏడాది నివేదికలో రాయండి.

మరొక్క మాట. రాత్రి రెండు గంటలకు ఎవరో సంస్థ సైట్‌లోని ప్రార్థన విన్నపాల పెట్టెలో ‘నాకు బతకాలని లేదు’ అని రాస్తారు. ఆ సందేశం ఎవరి ఫోనుకు వెళుతుంది? వారు నిద్రలో ఉంటే తర్వాత ఎవరికి? తెల్లవారేలోగా ఆ మనిషికి ఒక మనిషి గొంతు వినిపిస్తుందా? పాలక మండళ్లు వచ్చే సమావేశంలో దీన్ని మొదటి అంశంగా చర్చించి, పేర్లతో, నంబర్లతో జవాబు రాసుకోవాలని కోరుతున్నాం. ఆ కాగితం తయారయ్యేదాకా చాట్‌బాట్ ఒప్పందం మీద సంతకం ఆపండి.