జనాభా వార్ధక్యం: విజ్ఞాన సర్వస్వ వ్యాసాన్ని తూచేదెలా?

స్థానిక ఎన్నికల్లో పోటీకి అడ్డుగా ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తివేసింది. రాష్ట్రానికి వయసు మీదపడుతోందని, ఎక్కువమంది పిల్లల్ని కనాలని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అంతకు ముందు నెలలోనే అన్నారు. అప్పటినుంచి జనాభా వార్ధక్యం, అంటే జనాభాలో వృద్ధుల వాటా పెరగడం, అందరి నోటా నలుగుతోంది. సెమినార్ కాగితం రాసుకునే విజయనగరం డిగ్రీ విద్యార్థి అయినా, వార్త రాసే విలేకరి అయినా ముందుగా తెరిచేది అంతర్జాలంలోని విజ్ఞాన సర్వస్వాన్నే. కనుక ఈ అంశంపై అక్కడున్న వ్యాసం నిలవదగిందో కాదో తేల్చుకోవడం చిన్న పని కాదు.

వికీపీడియాలో ‘మంచి వ్యాసం’ హోదాకు ఆరు కొలతలున్నాయి: రచనలో స్పష్టత, సరిచూసుకోదగిన మూలాలు, విస్తృతి, తటస్థత, నిలకడ, తగిన బొమ్మలు. ఇవన్నీ కావలసినవే. అయినా వాటి జోలికి పోకముందే నేను కారణాల విభాగం చదువుతాను, ఎందుకంటే ఈ విషయంలో వ్యాసం నిలిచినా కూలినా అక్కడే.

‘జననాలు తగ్గడం, ఆయుర్దాయం పెరగడం’ అని రెండు కారణాలనూ ఒకే గాటన కట్టి ఊరుకున్న వ్యాసం అబద్ధం చెప్పినట్టు కాదు గాని, చదివినవారికి మాత్రం పెద్దవాళ్లు ఎక్కువ కాలం బతకడమే దీనికంతటికీ మూలమన్న భావన మిగులుతుంది. జనాభాకు వయసు పెరగడానికి ప్రధాన కారణం సంతానం తగ్గడమేనని జనాభా శాస్త్రవేత్త ఆన్స్‌లీ కోల్ 1950లలోనే లెక్కలు కట్టి చూపారు. మరణాలు తగ్గే తొలి దశలో ఎక్కువగా బతికి బట్టకట్టేది పసిపిల్లలే కాబట్టి అప్పుడు జనాభా ముసలిది కాకపోగా ఇంకా పడుచుదవుతుంది. పెద్ద వయసులో మరణాలు తగ్గే దశ వచ్చాకే ఆయుర్దాయం వార్ధక్యాన్ని పెంచడం మొదలుపెడుతుంది. ఈ క్రమం చెప్పని వ్యాసం సగమే చెప్పినట్టు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటు సంతానం 1.7 అని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. తరానికి తరం సరిపోవాలంటే ఆ సంఖ్య 2.1 ఉండాలి. అయితే ఎక్కువమంది పిల్లల్ని కన్నా, నేడు పుట్టిన బిడ్డ సంపాదనకు రావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది, అంతవరకూ సంపాదించేవారి మీద వృద్ధులతోపాటు పిల్లల పోషణా పడుతుంది. విధానాల గురించి రాసే వ్యాసంలో ఈ మాట తప్పక ఉండాలి.

రెండో పరీక్ష వలస. వార్ధక్యాన్ని దేశాల వారీగా పట్టిక వేసి చూపే వ్యాసానికి మా ఉత్తరాంధ్ర ఊళ్లు కనిపించవు. 2011 జనగణన ప్రకారం దేశంలో అరవై దాటినవారు 8.6 శాతం, కేరళలో 12.6 శాతం. 2001–2011 మధ్య దేశ జనాభా 17 శాతానికి పైగా పెరిగితే శ్రీకాకుళంలో పెరిగింది 7 శాతం లోపు, విజయనగరంలో 5 శాతం లోపు. ప్రతి వెయ్యి మంది పురుషులకు స్త్రీలు శ్రీకాకుళంలో 1015 మంది, విజయనగరంలో 1019 మంది. ఇందులో తగ్గిన జననాల వాటా ఎంత ఉన్నా, చెన్నై భవన నిర్మాణ పనులకూ గుజరాత్‌లోని వేరావల్ చేపల పడవలకూ వెళ్లిపోయిన పడుచువాళ్ల వాటా కూడా ఉంది. రేషన్ కార్డులో ఐదు పేర్లున్న ఇంట్లో పొయ్యి ఇద్దరు ముసలివాళ్ల కోసమే వెలుగుతుంది. దేశం మొత్తం మీద ఈ వలస సగటు వయసును మార్చదు, ఒక ఊరిని ముసలిది చేసి ఇంకో ఊరిని పడుచుది చేస్తుందంతే. ఈ సంగతికి ప్రత్యేక విభాగం లేని వ్యాసానికి విస్తృతి ఉందని నేను ఒప్పుకోలేను.

ఇక అంకెలు. ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం ఉద్యోగి పింఛను తెచ్చినప్పుడు మా పక్కింటి మామ్మను వయసెంతని అడిగాను. ‘నాకేటి తెలుస్తాది బాబూ, కార్డులో ఏటుంటే అదే’ అంది. కార్డులో పుట్టినరోజు జనవరి 1. ఆ లెక్కన ఆమెకూ పెద్దకొడుక్కూ తేడా పదకొండేళ్లే. వయసు కచ్చితంగా తెలియనివారు సున్నాతోనో అయిదుతోనో ముగిసే అంకె చెప్పడం మన జనగణనల్లో ఎప్పటినుంచో ఉన్న ఇబ్బంది, జనాభా శాస్త్రవేత్తలు దాన్ని సవరించే లెక్కలు వేస్తారు. పైగా అరవై అన్నది అలా పోగుపడే అంకె, వృద్ధాప్యానికి గీసిన గీత కూడా అదే. దశాంశ స్థానం దాకా శాతాలిచ్చి ఈ సంగతి ప్రస్తావించని వ్యాసం తన అంకెలకు లేని కచ్చితత్వాన్ని ఆపాదిస్తోంది.

ఆ గీత కూడా ఒక్కటి కాదు. మన 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టానికి అది 60, అంతర్జాతీయ పోలికల్లో తరచుగా 65. రెంటినీ ఒకే పేరాలో కలిపేస్తే పోలిక చెడుతుంది. సంపాదించే వయసువారితో పోలిస్తే పిల్లలూ వృద్ధులూ ఎందరో చెప్పే ‘ఆధారపడేవారి నిష్పత్తి’ ఆ గీత దాటిన ప్రతివారినీ పోషణ కోరేవారిగా లెక్కిస్తుంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పై వయసు పరిమితి పెట్టలేదు, అరవై అయిదు దాటి తట్ట మోసిన ఆడవాళ్లను నేను చూశాను. వారిని ‘భారం’ అని రాసిన వాక్యం తటస్థం కాదు, దాన్ని మార్చాలి. ఇంకా ఎన్నేళ్ల ఆయుష్షు మిగిలి ఉందన్నదాన్ని బట్టి వార్ధక్యాన్ని కొలవాలన్న జనాభా పరిశోధకులు శాండర్సన్, షెర్బోవ్‌ల పద్ధతికి కూడా చోటివ్వాలి.

మూలాల సంఖ్య గురించి నేను పెద్దగా పట్టించుకోను. అంకె ఏ ఏడాదిదో, ఏ హద్దులదో మాత్రం చూస్తాను. పార్వతీపురం మన్యం జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది, రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకు మారింది. కాబట్టి పైన నేనిచ్చిన 2011 జిల్లా అంకెలు కూడా పాత హద్దులవే. కొత్త జనగణన ఫలితాలు వచ్చేదాకా వ్యాసం పట్టికలో ప్రతి జిల్లా అంకె పక్కనా ఏడాదితోపాటు ‘పాత జిల్లా’ అన్న మాట ఉండాలి.